నాగమ్మాళ్ నొసలు

కోవిల్‌పట్టి పక్క పల్లెలో తిరుమలసామి కుంకుమ వ్యాపారి. విరుదునగరం బజారులో సరుకు తెచ్చి, తట్ట నెత్తిన పెట్టుకుని నల్లరేగడి ఊళ్ళన్నీ తిరిగి అమ్మేవాడు. ఆయన భార్య నాగమ్మాళ్. ఈ కథ ఆమె నొసటిది.

పూర్వం ఆ ఇంట్లోనే కుంకుమకు పసుపుకొమ్ములు వెలిగారం కలిపిన నిమ్మరసంలో ఊరబెట్టి, ఎండించి దంచేవాళ్ళు. 1929 ప్రాంతంలో బజారుకు సీమ రంగుపొడి వచ్చింది. ఊరబెట్టే పని లేదు, దంచే పని లేదు, ఎరుపు కోడిజుట్టును మించింది. తిరుమలసామి రోలు బోర్లించాడు.

కొత్త కుంకుమ పెట్టిన కొన్నాళ్ళకు నాగమ్మాళ్ నొసట దురద మొదలైంది. తర్వాత పొక్కులు, రసి. బొట్టు ఆపితే తగ్గేది, పెడితే తిరగబెట్టేది. ఆపితే అత్త పాపమ్మాళ్ ఊరుకోదు.

"నా కొడుకు గుండ్రాయి మాదిరి ఉండాడు. నువ్వు వట్టి మొగంతో తిరుగుతావా?"

"నీ కొడుకు బాగానే ఉండాడత్తా. నా నొసలే బాగలేదు."

నేను ఆ ఇంటికి రోజూ మజ్జిగకు పోయేవాణ్ణి. బొట్టు ఎరగని దేశాలు చాలా ఉన్నాయని చదివాను. అక్కడా మొగుళ్ళు చచ్చే వయసుకే చస్తారట. ఈ మాట పాపమ్మాళ్‌తో అన్నాను. ఆ రోజు నాకు మజ్జిగ దొరకలేదు.

తిరుమలసామి బాధ వేరు. కుంకుమవాడి పెళ్ళాం నొసలే చితికిపోతే సరుకెవరు కొంటారు?

"పోనీ, నాకు మట్టుకు పాత కుంకుమ దంచుకుంటాను మామా," అంది ఆమె.

"ఊరికొకటి, ఇంటికొకటా? ఇంగ బేరం సాగినట్టే! వంకాయ మానెయ్, ఎండుచేప మానెయ్. అంతా ఒంటి వేడి."

ఆమె రెండూ మానేసింది. పుండు మానలేదు. అప్పుడాయన సరుకు మంచిదని రుజువు చేయడానికి రూపాయంత బొట్టు తానే పెట్టుకుని ఊళ్ళు తిరిగాడు. నెల దాటినా ఆయనకేమీ కాలేదు.

"చూస్తివా? దోషం నీ ఒంట్లోదే."

ఇక్కడే చాలామంది పొరబడతారు. చాకలి చొక్కా మీద పెట్టే నల్లజీడి గుర్తు అన్న మెడను పుండు చేస్తుంది, అదే చొక్కా తొడుక్కున్న తమ్ముడు హాయిగా నిద్రపోతాడు. అరుప్పుకోట్టైలో అద్దకపు తొట్టిలో చేతులు నానబెట్టే ఇద్దరు వియ్యంకుల్లో ఒకరికే గోళ్ళ సందులు పగలడం చూశాను. ఒంటికీ ఒంటికీ లెక్క వేరు. ఇదంతా చెబితే తిరుమలసామి ఓపికగా విని, నాకొక పొట్లం అమ్మాడు.

ఆ వేసవిలో, పచ్చబొట్లు పొడుస్తూ ఊళ్ళు తిరిగే కాళియమ్మాళ్ వచ్చింది. ఆ ఊళ్ళలో ఆడవాళ్ళు చేతులకు పొడిపించుకుంటారు, నొసటికి కాదు. నాగమ్మాళ్ నొసలు చూపించింది.

"పుండు మీద సూది పెట్టను. ఆరనీ," అంది కాళియమ్మాళ్.

ఆరేదాకా నాగమ్మాళ్ తలనొప్పని చెప్పి నొసటికి గుడ్డ కట్టుకుంది. తర్వాత మసి, ఆకుపసరు కలిపి కాళియమ్మాళ్ బఠాణీగింజంత బొట్టు పొడిచింది. అత్త చాలాసేపు చూసి, "పచ్చగా ఉండాదే," అంది. బొట్టు బొట్టే. దురద మళ్ళీ రాలేదు. తిరుమలసామి ఎర్రది అమ్ముకుంటూనే ఉన్నాడు.

1937లో ఆయన జ్వరంతో పోయాడు. పదోనాడు ఆడవాళ్ళు బొట్టు చెరపడానికి కూర్చున్నారు. నూనె రాశారు, చింతపండు పులుసు రాశారు. పక్కింటి ముత్తుమారి తడిగుడ్డతో తోమింది.

"ఏమే, ఇది పోదే?"

"వదులక్కా," అంది నాగమ్మాళ్. "ఇది ఆయన సరుకు గాదు."

వాళ్ళు తాళి మాత్రం తీసి లేచారు.