నారు కొసన గుడ్లు

ముందస్తుగా పదవీ విరమణ తీసుకునే దాకా నేను వ్యవసాయ విస్తరణాధికారిని. తెనాలి నుంచి రేపల్లె వైపు పల్లెలకు బదిలీ అయిన మొదటి ఖరీఫ్‌లో, ఆగస్టు నాట్లప్పటి సంగతి ఇది. ఆ సీజన్‌పై నేను రాసిన నివేదికలో ఒక వాక్యం అబద్ధం.

వరిలో కాండం తొలిచే పురుగుకు తల్లి ఒక చిన్న రెక్కల పురుగు. ఆడది ఎండుగడ్డి రంగులో ఉంటుంది. ముందు రెక్కల మీద ఒక్కో నల్లచుక్క. నారు ఆకు కొసన గుంపుగా గుడ్లు పెట్టి, తన తోక చివరి నూగుతో కప్పేస్తుంది. వారంలో పిల్లలు బయటపడి కాండంలోకి దూరతాయి. లోపలే తిని, లోపలే కోశం కట్టుకుని, నెల దాటాక రెక్కలతో వస్తాయి. అందుకే నాటే ముందు నారు కొసలు తుంచి, గుడ్లతో సహా నాశనం చేయమంటాం.

సాంబయ్య ఆరెకరాలు కౌలుకు చేసేవాడు. నాట్ల రోజు నారు కట్ట నా ముందు పెట్టి, "ఇదేంటి సార్, నూగు కనపడతంది. కొసలు తుంచమంటారా?" అన్నాడు.

నాట్ల ముఠా మేస్త్రి రత్తమ్మ విసుక్కుంది. "నారుకి క్షవరం చేయించుకుంటా కూర్చో బాబాయ్. మేం పక్క చేలోకి పోతాం."

ఆడవాళ్ళు నవ్వారు. ఎంత నాటారో సాయంత్రానికి నేను పైకి లెక్క పంపాలి. "నాట్లు కానివ్వు బాబాయ్, తర్వాత గుళికల మందు చల్లుదువుగాని" అన్నాను.

గుళికలు సమయానికి రాలేదు. పిలకల్లో నడిమి లేత ఆకులు, మొవ్వులు, ఎండాయి. కొత్త పిలకలు వస్తాయిలే అన్నాను. వచ్చాయి, రెండో తరం పురుగులూ వచ్చాయి. ఈనే వేళకు చేను తెల్లబడింది. కంకి పట్టి లాగితే ఊడి చేతికొచ్చేది. అన్నీ తాలు గింజలే.

బాపట్లలో పై అధికారుల సమీక్షకు నివేదిక అడిగారు. కారణం గడిలో "నారు కొసలు తుంచాలన్న సూచనను రైతు పాటించలేదు" అని రాశాను. ఆ కాగితం నకలు పొలం ఆసామి చేతికి వెళ్ళింది. మరుసటి ఏడు అతను సాంబయ్యకు కౌలు ఇవ్వలేదు.

ఈ మధ్య రేపల్లెలో ఒక రైస్‌మిల్లు దగ్గర సాంబయ్య బస్తాలు మోస్తూ కనిపించాడు. నివేదికలో ఆ మాట రాసింది నేనేనని చెప్పాను.

"తెలుసండి. ఆసామి చదివి వినిపించాడు."

"మరి నన్ను అడగలేదేం బాబాయ్?"

"అడిగేది నాట్లప్పుడే అడిగాను గదండి" అని బస్తా ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

కొసలు తుంచడానికి ముఠాకు పట్టేది ఒక్క పూట. ఆ పూట వద్దన్నది అధికారి, రైతు కాదు. గట్టు మీద నోటితో ఇచ్చిన సలహాను అధికారి ఆ రోజే డైరీలో రాసుకోవాలి. కారణం గడి నింపే ముందు ఆ పేజీ తెరవాలి. నా డైరీలో ఆ రోజు పేజీలో నాట్ల విస్తీర్ణం ఒక్కటే ఉంది.