రెండోసారి పలికిన గొంతు

నిన్న ఉదయం ఎనిమిదైనా ఎండ రాలేదు. కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలో కూర్చుంటే ఎదురింటి మేడ కూడా కనిపించనంత మంచు. ఆ తెల్లదనం వెనక, రేవు వైపునుంచి, ఓడ ఒకటి కూత పెట్టింది. మంచులో ఓడ కూత ఏ దిక్కునుంచి వస్తోందో చెప్పడం ఎవరి తరమూ కాదు. ముందునుంచి వచ్చిందనుకుంటే వెనకనుంచి జవాబు పలుకుతుంది. నా చేతి మీద నెరిసిన వెంట్రుకలన్నీ లేచి నిలబడ్డాయి. మీకు తెలియదు గాని, యారాడ కొండ మీద మబ్బులో చిక్కుకున్న పాతికమందిని, ఆడవాళ్ళతో సహా, కేవలం నా గొంతుతో క్షేమంగా కిందికి దించిన మనిషిని నేను. రిటైరైన రోజు సన్మానసభలో ఈ సంగతి చెబితే చాలాసేపు చప్పట్లు కొట్టారు.

కాఫీ చల్లారేలోపు నిజం కూడా చెప్పేస్తాను. పాతికమంది కాదు, ఎనిమిది మందిమి. అందులో నేనొకణ్ణి. దించింది నేను కాదు. నా గొంతు ఆ రోజు చేసిన పని వేరే. మమ్మల్ని దించిన మనిషి పేరు పైడమ్మ.

డెబ్భైల నడిమి మాట ఇది. గోదావరి జిల్లానుంచి వచ్చి రేవులో టాలీ గుమాస్తాగా చేరాను. ఓడలోంచి క్రేను దించే బస్తాలూ పెట్టెలూ లెక్కపెట్టడమే టాలీ పని. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత. ఆ రోజుల్లో నేను కాకిగుంపును చూసినా అయిదేసి చొప్పున లెక్కపెట్టేవాణ్ణి. నాకు ఇంకో విద్య కూడా ఉండేది. ఎవరి గొంతయినా రెండుసార్లు వింటే చాలు, అచ్చుగుద్దినట్టు దింపేవాణ్ణి. మా సూపర్నెంటు గొంతుతో ఒక మధ్యాహ్నం సెక్షనుకంతా సెలవిచ్చాను కూడా. అందరూ నవ్వేవారు, కొత్తగా కాపురానికొచ్చిన మా ఆవిడ తప్ప.

పైడమ్మది కొండకి అవతల, సముద్రం ఒడ్డునున్న యారాడ. సముద్రం మీదికి వేటకెళ్ళిన మొగుడు తిరిగి రాకపోతే, చేపల గంప నెత్తికెత్తుకుంది. పొద్దున్నే కొండ దాటి, పడవలో రేవు కాలవ దాటి, మా క్వార్టర్లకి వచ్చేది. ఎండకి నల్లబడిన మొహం, కాళ్ళకి వెండి కడియాలు. "సేపలమ్మా... సేపలో" అని వీధి మొదట్లో కేకేస్తే ఆ కేక చివర్న ఒక విరుపు ఉండేది, పాట తెగిపోయినట్టు. ఆ విరుపుతో సహా నేర్చుకుని, ఒక ఆదివారం కిటికీ చాటునుంచి కేకేశాను. ఆడవాళ్ళంతా గిన్నెలు పట్టుకుని వీధిలోకొచ్చారు. గంప లేదు, మనిషి లేదు. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే నేను లోపల నేలమీద పడి దొర్లాను.

మర్నాడు పైడమ్మ మా గుమ్మం ముందు గంప దింపింది. తిడుతుందనుకున్నాను. నెమ్మదిగా అంది.

"బాబూ, నా గొంతు నాకిచ్చెయ్. నువ్వట్టుకుపోతే నానేటితో పిలవాల?"

"ఊరికే సరదాకి పైడమ్మా."

"సరదాకే అందరూ ఎత్తుకెల్తారు. పక్కనోల్ల గొంతుతో పలకడం మనకలవాటైతే, మన గొంతుతో పలకడం ఇంకోల్లకి అలవాటవుద్ది."

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆ వారం రోజులూ ఆ కేకనే అనుకరించి ఇంకో నలుగురిని నవ్వించాను.

ఆ కార్తీకంలో మా సెక్షన్ వాళ్ళం యారాడ బీచికి వనభోజనాలకి వెళ్దామనుకున్నాం. లారీలో కాదు, కొండెక్కి దిగి, నడుచుకుంటూ. ఈ ఆలోచన సత్యానిది. సత్యం విజయనగరం వైపువాడు, నా పక్క కుర్చీ, నన్ను బావా అనేవాడు. గొంతు బొంగురు, ముక్కుతో మాట్లాడతాడు. నాకు బాగా పట్టుబడ్డ గొంతు అదే. దారి చూపించమని పైడమ్మని అడిగాం. మగవాళ్ళం ఆరుగురం, పెళ్ళాలు ఇద్దరు, మొత్తం ఎనిమిది మంది.

అల్పపీడనం అని రేవులో ప్రమాద సూచిక ఎగరేసే ఉంది. మేము లెక్కచెయ్యలేదు. పడవలో కాలవ దాటుతుంటే పైడమ్మ కొండ కొస వంక చూసింది. "కొండ తలకి గుడ్డ సుట్టుకుంటంది. మజ్జానం లోపు అటేపు దిగిపోవాల. తొంగోడాలు, కూకోడాలు నేవు."

కానీ కూర్చున్నాం. శిఖరం దగ్గర బల్లపరుపు రాయి ఒకటి కనబడగానే మా ఆవిడ పులిహోర మూట విప్పింది. చేత్తోనే ముద్దలు పెడుతోంది. నేను సూపర్నెంటు గొంతు, డాక్టరు గొంతు, చివరికి పైడమ్మ గొంతు కూడా తీసి అందరినీ నవ్విస్తూ గంటసేపు కదలనివ్వలేదు. పైడమ్మ మాకు కొంచెం దూరంలో నిలబడే ఉంది. తినమంటే తినలేదు.

మబ్బు పైనుంచి రాలేదు. కిందినుంచి, సముద్రం వైపునుంచి, పాల మీద మీగడ కదిలినట్టు గట్టెక్కి వచ్చింది. ముందు చెట్లు పోయాయి. తర్వాత పైడమ్మ పోయింది, కడియాల చప్పుడు మిగిలింది. చెయ్యి చాపితే వేళ్ళు కనబడలేదు. మా నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కింద సముద్రం హోరు కూడా లేదు. చెవుల్లో దూది కుక్కినట్టయింది.

"ఒకరెనక ఒకరు నిలబడండి," అంది పైడమ్మ. "ముందోల్ల బట్టట్టుకోండి. నాను పేరెట్టి పిలుస్తాను, పలకండి."

టాలీ గుమాస్తాని కదా, నా గర్వం నాది. "పేర్లెందుకు పైడమ్మా? నంబర్లు చెప్పుకుందాం. ముందున్నవాడు ఒకటి, చివరివాడు ఎనిమిది. చిటికెలో తేలిపోతుంది."

"కొండ మీద మనిసిని లెక్కెట్టకూడదు బాబూ."

"ఏం, దిష్టా?"

"లెక్కకి ఎవులైనా పలుకుతారు. పేరుకి ఆ మనిసే పలకాల."

మావాళ్ళు నా పక్షం వహించారు. చదువుకున్నవాళ్ళం మరి. నేను నాలుగు, నా వెనక మా ఆవిడ అయిదు, అందరికన్నా చివర సత్యం ఎనిమిది. మొదటిసారి నంబర్లు పలికాం. ఏడు అనగానే, నాలుక దురద ఆపుకోలేక, సత్యం గొంతుతో "ఎనిమిది" అన్నాను. ఆ వెంటనే అసలు సత్యం "ఎనిమిది" అన్నాడు. ఒకే గొంతు, రెండుసార్లు, రెండు చోట్లనుంచి.

ఎవరో ఆడమనిషి కెవ్వుమంది. సత్యం అరిచాడు. "ఒరే, నా నంబరు ఎవుడ్రా పలికింది?" మా ఆవిడ వెనకనుంచి నా వీపు మీద గట్టిగా గిల్లింది. నాకు లోలోపల నవ్వు.  ముందు పైడమ్మ కడియాల చప్పుడు కాసేపు ఆగి, మళ్ళీ మొదలైంది.

దారి రెండుగా చీలే రాయి ఒకటుంది. దాన్ని దాటి కొంత దూరం దిగాక రెండోసారి నంబర్లు పలికాం. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు. ఒక్క క్షణం నిశ్శబ్దం. "ఎనిమిది." బొంగురు గొంతు, ముక్కుతో. ఈసారి ఒక్కసారే వినిపించింది. అమ్మయ్య, సరిపోయింది అనుకున్నారందరూ. ఆ నిమిషం గురించి నాకు మిగిలిన గుర్తు ఒక్కటే. మబ్బు మొహానికి అదుముకున్నట్టయి, గుప్పుమని పులిహోర వాసన. మూట కట్టేసి అప్పటికి గంటన్నర. ఆ వాసన ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

జీడితోట మొదట్లో పైడమ్మ ఆగింది. ఇక నంబర్లు వద్దని, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచింది. ఏడుగురం పలికాం. "సత్యం బాబూ" అంది. జవాబు లేదు. రెండోసారి. మూడోసారి. మబ్బు అలాగే ఉంది, దానికేమీ పట్టనట్టు.

పైడమ్మ చేత్తో తడుముకుంటూ వరస వెంట వచ్చింది. "ఇందాకల రెండోమాటు ఎనిమిది అన్నది ఎవులు?"

ఆ ప్రశ్న ఎందుకో అందరికీ అర్థమైంది. పలికింది సత్యమే అయితే, తప్పిపోయింది ఆ తర్వాత. దగ్గర్లోనే, జీడితోట వైపు దిగుడులో వెతకాలి. సత్యం కాకపోతే అంతకుముందే, ఆ చీలిక రాయి దగ్గరే తప్పాడు. అక్కడ ఎడమచేతి దారి కొద్ది దూరం పోయి, సముద్రం మీది చరియ అంచున ఆగిపోతుంది.

నేను వెంటనే చెప్పానని రాద్దామనుకున్నాను. చెప్పలేదు.  పైడమ్మ నా దగ్గరికొచ్చి, ఇంకెవరికీ వినబడకుండా, "బాబూ?" అంది. అప్పుడు, గుసగుసగా, "నేనే" అన్నాను. నిజానికి ఆ రెండోసారి అన్నట్టు నాకు గుర్తులేదు. కానీ ఆ గొంతుతో పలకగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే కదా. మొదటిసారి నేనైతే రెండోసారి ఇంకెవరవుతారు?

ఆమె ఊపిరి నా మొహానికి తగులుతోంది. నా రెక్క పట్టుకుని అంది. "నువ్వేనా? సరే. నువ్వే అనుకుందాం. రా."

మిగతావాళ్ళని ఒకరి చేతులొకరు పట్టుకుని కూర్చోమని, నన్ను వెంటబెట్టుకుని వెనక్కి నడిచింది. రాయి దగ్గర ఎడమకి తిరిగాం. ప్రతి పది అడుగులకీ ఆగి, పేరు పెట్టి మూడుసార్లు పిలిచేది. ఆ గొంతులో చేపల కేక లేదు. పక్క గదిలో ఉన్న మనిషిని అన్నానికి పిలిచినట్టుంది. ఎన్నోసారో గుర్తులేదు, చాలా దగ్గర్లో "ఆఁ" అని వినిపించింది.

అంచు గాలికి మబ్బు కాస్త పలచబడ్డ చోట సత్యం నిలబడి ఉన్నాడు. ఒక కాలికే చెప్పుంది. అతని ముందు నేల లేదు. పైడమ్మ కూర్చుని, కూర్చునే జరిగి, చొక్కా పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఇద్దరూ వెనక్కి పడ్డారు. అప్పుడు మాత్రం కింద, ఎంతో కింద, సముద్రం వినిపించింది.

సత్యం నన్ను చూసి తెల్లబోయాడు. "ఏటి బావా, ఎనకనించి వస్తన్నావు? ఇంతసేపూ ముందునించి రా రా అని పిలుస్తన్నది నువ్వే కదా?"

 నేను పిలవలేదు. ఆ మాట అనబోతే పైడమ్మ నా చెయ్యి నొక్కింది. జీడితోట దగ్గరికి తిరిగొచ్చాక మావాళ్ళు చుట్టుముట్టి, మరి ఎనిమిదని పలికిందెవరని అడిగారు. నేను తల దించుకున్నాను. పైడమ్మ చెంగుతో మొహం తుడుచుకుని, "కొండ పలికింది, పదండి," అంది. నా పరువు కాపాడటానికి అబద్ధమాడిందనుకున్నాను. నాలుగు దశాబ్దాల పైన అలాగే అనుకుంటూ వస్తున్నాను.

ఇసకలోకి దిగేసరికి మబ్బు వీడింది. ఆడవాళ్ళు ఏడుస్తూ నవ్వుతూ కాళ్ళు కడుక్కుంటున్నారు. పైడమ్మ నా పక్కన కూర్చుని, సముద్రం వంక చూస్తూ, అడగకుండానే చెప్పింది.

"మా ఆయన ఎల్లిన నాడూ ఇలాటి మబ్బే బాబూ. తెప్పలో ఆరుగురు ఎల్లారు. మజ్జానం ఏల ఇలగే ఏటీ కనపడకుండా తెప్ప ఒడ్డుకొచ్చింది. గట్టునున్నోలు లెక్కెట్టారు. ఆరుగురు దిగినారు. నానూ ఇన్నాను ఆ లెక్క. సరిపోనాదని ఇంటికెల్లి కూడొండినాను. ఇల్లకొచ్చినోలు అయిదుగురే."

"మరి ఆరోవాడు?"

"అదే నానూ అడిగినాను. ఆ రోజు పేరెట్టి పిలవనేదు బాబూ. లెక్క సరిపోనాదని పిలవనేదు."

ఆ తర్వాత నేను ఎవరి గొంతూ దించలేదు. సెక్షనులో బతిమాలారు, వెక్కిరించారు. నా వల్ల కాలేదు. రేవులో కూలీలని బిళ్ళ నంబరుతో పిలవడం అలవాటు. నేను మానేశాను. ఒక్కొక్కడి పేరూ, ఊరూ నేర్చుకున్నాను. షిఫ్టు దిగేటప్పుడు పేరు పెట్టి పిలిచి, పలికాకే గీత గీసేవాణ్ణి. దీనికి ఎంత నవ్వారో. ఒక ఎండాకాలం ఓడ అడుగు గదిలోంచి అందరూ పైకొచ్చారనీ, తలలు సరిపోయాయనీ మేస్త్రీ అన్నాడు. నేను పిలిస్తే నూకరాజు పలకలేదు. వాడు కింద బస్తాల వెనక స్పృహ తప్పి ఉన్నాడు. ఎవడో వేరే గ్యాంగు మనిషి వరసలో నిలబడ్డాడు, లెక్క సరిపోయింది, అంతే. నూకరాజు మనవడి పెళ్ళికి వెళ్ళొచ్చాను. ఈ ఒక్కటీ పెంచి చెప్పడం లేదు.

ఎనభైల్లో పైడమ్మకి చూపు పోయింది. యారాడలో వాళ్ళ గుమ్మం ముందు నిలబడి పిలిచాను. మూడోసారికి గాని పలకలేదు. నా మొహం తడిమి చూసి, "ఇంకా నువ్వే అంటన్నావా?" అని అడిగింది. దేని గురించో చెప్పనక్కర్లేకపోయింది. "నేనే పైడమ్మా" అన్నాను. "సరే," అంది, "అలగే అను. మంచిదే." మళ్ళీ ఏడాది నేను వెళ్ళేసరికి ఆమె లేదు.

ఇప్పుడు మంచులో ఓడ కూసినప్పుడల్లా ఒక పని చేస్తాను. ఇంట్లో ఉన్నవాళ్ళని పేరు పెట్టి పిలుస్తాను. పెందుర్తిలో ఉన్న సత్యానికి ఫోను చేసి, వాడి గొంతు విని పెట్టేస్తాను. బొంగురుగా "ఏటి బావా, మళ్ళీ మబ్బేసిందా?" అంటాడు. అతను ఆ చరియ అంచున నిలబడ్డది నా వల్ల. అది మోస్తూనే ఉన్నాను.

ఇంతవరకూ రాసి కాగితాలు మా ఆవిడకిచ్చాను. చదివి, కళ్ళజోడు తీసి, చీర కొంగుతో అద్దాలు తుడిచింది.

"మొదటిసారి పలికింది మీరే. రెండోసారి మీరు కాదు," అంది.

"అదేమిటే? నేనేనని పైడమ్మ దగ్గర ఒప్పుకున్నాను కదా?"

"ఒప్పుకున్నారు. ఆ తప్పు మీదేననుకున్నాకే కదా కాస్త మనిషయ్యారు. కాదని చెబితే మళ్ళీ మొదటికొస్తారని ఊరుకున్నాను."

"కాదని నీకెలా తెలుసు?"

"మళ్ళీ వెధవ వేషం వేస్తారేమోనని, మీరు నాలుగు అనగానే, మబ్బులో ఎవరు చూస్తారులే అని వెనకనుంచి మీ నోరు మూశానండీ. ఆ పులిహోర వాసన నా చేతిది. ఎనిమిది అని వినిపించినప్పుడు నా చెయ్యి మీ నోటి మీదే ఉంది."