సకినాల పెట్టెల కోతుల తుపాకి

రాయి బిడ్డా, ఉన్నదున్నట్టు రాయి. మీ అవ్వ జైలుకు పోవాల్సింది, మబ్బుల్లకు పోయింది. సదివేటోళ్లు నవ్వితె నవ్వనియ్యి.

గప్పుడే ఢిల్లీల నీ తమ్ముడు పుట్టిండు. ఫోన్ల మీ అమ్మది ఒక్కటే ఏడుపు: "బాల్కనీల కోతులే కోతులమ్మా! పిల్లగాన్ని ఎండకు పండవెట్టనిస్తలేవు."

నాకు ఫికర్ వట్టింది. మన చేన్ల కోతుల్ని బెదిరిచ్చే పైపు తుపాకి లేదా? కార్బైడు మందుగడ్డ ఏసి, జర నీళ్లు సల్లి, మీట నొక్కితె ధన్‌మంటది. గదాన్ని, మందుగడ్డల్ని చీరెల నడుమ పండవెట్టి, పెట్టెకు గుమ్మడికాయంత తాళమేసిన. చెవి నాతాన ఉంటె దొంగలు గుంజుకుంటరని మీ తాతకిచ్చి, ఆయనను నార్కట్‌పల్లిలనే ఉంచి వచ్చిన. సూడు నా తెలివి!

ఎయిర్‌పోర్టుల నేల నిండిన చెర్వు లెక్క మెరుస్తాంది. అద్దం అవుతల తెల్లటి విమానం. నిలవడే కలగంటున్న: మబ్బుల మీద నడుస్తున్ననట, ఒళ్లె పసిగుడ్డు, పాలవాసన...

"పెట్టెల ఏమున్నయమ్మా?" కౌంటర్ కాడి పిల్ల అడిగింది.

నిద్రల మాట్లాడినట్టే అన్న: "ఏముంటయి బిడ్డా, సకినాలు, బాలెంత కారం, తుపాకి."

ఇగ పోలీసోళ్లు ఉరికొచ్చిండ్రు.

"తాళంచెవేది?"

"మా ముసలాయన మొలతాడుకు."

"ఆయనేడి?"

"నార్కట్‌పల్లిల."

తాళం కోసిండ్రు. పెద్ద సారు పైపు దిక్కు సూసి, "ఇది పేలుతదా?" అన్నడు.

"జర నీళ్లు తెప్పియ్యి సారూ, సూపిస్త."

అందరు బల్లుల్లెక్క గోడకు అతుక్కున్నరు.

"లైసెన్సున్న తుపాకైనా ముందుగాల చెప్పాలె, తూటాలు తియ్యాలె, తాళమున్న పెట్టెల పెట్టాలె. గీ మందుగడ్డలైతె విమానం ఎక్కనే ఎక్కొద్దు!"

"చెప్పిన గద సారూ! తాళం గూడ ఏసిన!"

"నిన్ను గూడ ఎక్కనియ్యం."

రెండు చేతులు జోడిచ్చిన. "మనుమని మొకం ఇంక సూడలే సారూ. కోతులకని తెచ్చిన. తుపాకి నువ్వే ఉంచుకో, నన్ను పోనియ్యి."

ఆయన మీ అమ్మకు ఫోన్ కొట్టిండు. అడుగుతనే ఉన్నడు, నవ్వుతనే ఉన్నడు. ఆఖరికి తుపాకి, మందుగడ్డలు ఉంచుకొని, పెట్టెకు తాడు గట్టి నన్ను ఎక్కిచ్చిండ్రు.

కిటికీ అవుతల అంత ఏకిన దూదే. ఎప్పుడు కండ్లు మూతవడ్డయో, ఎప్పుడు దిగిననో, మెలకువొచ్చేసరికి ఒళ్లె నీ తమ్ముడు. గంతల్నే మా వియ్యపురాలు, "మనుమనికి ఏం తెచ్చినవ్ వదినా?" అన్నది.

"తుపాకి తెచ్చిన వదినా, దార్ల పోలీసోళ్లు గుంజుకున్నరు."

ఆమె పిల్లగాన్ని మెల్లగ నా ఒళ్లెకెళ్లి తీసుకున్నది.

ఇగ రాయి: మీ తాత మొలతాడు మీద ఒట్టు, జన్మల విమానంల తుపాకి పెట్ట. పెడితె గిడితె, ఉన్నదని మాత్రం చెప్ప... ఆగు, గది కొట్టెయ్యి!