అవ్వకు పెట్టిన పరీక్ష

తెలివికి లోటుండదు, కళ్లూ చెవులూ బాగానే పనిచేస్తాయి, అయినా కొందరు పిల్లలకు అక్షరాలు పట్టుబడవు. దాన్నే డిస్లెక్సియా అంటారు. దాని మీద పరిశోధన చేసే ఉద్యోగం మీదే నేను విజయవాడ నుంచి చెన్నైకి వచ్చాను. తెలుగు పిల్లల కోసం ఒక పరీక్ష తయారుచేసి, కాస్త గర్వంగానే తొండియార్‌పేటలోని ఓ తెలుగు బడికి పట్టుకెళ్లాను.

మొదట వచ్చింది తొమ్మిదేళ్ల పిల్ల. వెంట వాళ్ల అవ్వ. పురసవాక్కంలో చీరల కొట్టు నడిపిన మనిషి. నా బొమ్మల కార్డులను చీర అంచు చూసినట్టు తిప్పి తిప్పి చూసింది.

ఉడత బొమ్మ చూపించి ఇదేమిటని అడిగాను.

"అణిల్," అంది పిల్ల.

అది తమిళ మాట కదా అని తప్పు పెట్టబోయాను.

"ఏమ్మా, తప్పేస్తా ఉండావా?" అంది అవ్వ. "ఈడ మేం అణిల్ అనే అంటాం. ఉడతకి లేని బాధ నీకెందుకు?"

ఒప్పు పెట్టాను.

తర్వాత అర్థం లేని మాటలు. తెలిసిన మాటైతే పిల్లలు ఊహించి చెప్పేస్తారు, 'పలిమెడు' లాంటిదాన్ని కూడబలుక్కుని చదవాల్సిందే. పిల్ల తడబడింది. అవ్వకు ఓపిక నశించింది.

"అర్థం లేని మాట ఎవురు చదవతారు? ఇట్టియ్యి, నేను చదవతా."

కళ్లద్దాలు సవరించుకుని 'పలిమెడు'ని 'పిడిమెలు' అంది. 'గసుబి'ని 'బిసుగ' అంది. పిల్ల పకపకా నవ్వింది.

"అవ్వా, నువ్వు కూడా నా మాదిరే చదవతా ఉండావే."

అవ్వ కార్డు బల్ల మీద పెట్టేసింది. "బళ్లో నన్ను మొద్దనేవాళ్లమ్మా," అంది మెల్లగా. "మా నాయన బడి మానిపిచ్చేసినాడు. కొట్టంతా నోటిలెక్కతోనే నడిపినాను."

అది మొద్దుతనం కాదనీ, ఈ ఇబ్బంది చాలాసార్లు కుటుంబాల్లో ఒకరి నుంచి ఒకరికి వస్తుందనీ చెప్పాను. ఆమె మనవరాలిని దగ్గరికి లాక్కుంది.

"అయితే నా ఆస్తిలో దీనికి వాటా ముందే వచ్చేసిందన్నమాట."

ఇలాంటి పిల్లలకు చదవడం నేర్పడానికి నేను పెట్టిన శనివారం తరగతికి ఇద్దరూ రావడం మొదలుపెట్టారు. మాటను విడగొట్టేటప్పుడు ఒక్కో అక్షరానికీ అవ్వ కొట్టే చప్పట్లు గేటు దాకా వినిపించేవి. ఏడాది తిరిగేసరికి పిల్ల నెమ్మదిగానైనా సొంతంగా పాఠం చదివింది. అవ్వయితే పెళ్లి పత్రిక వస్తే చాలు, అచ్చువేసిన ప్రెస్సు పేరుదాకా చదివిగానీ వదలడం లేదట.

ఇప్పుడు పిల్లలతో వచ్చిన పెద్దలకూ ఓ కుర్చీ వేసి, చదవమని కార్డులిస్తున్నాను. అమ్మలు కూర్చుంటారు. నాన్నలకు మాత్రం సరిగ్గా అప్పుడే ఫోన్ వస్తుంది.