రెండు దగ్గర ఆగిన నొప్పి

తోమాగారు మండవల్లి చేపల మార్కెట్టులో పాట పాడతారు. కేస్ షీటులో వృత్తి దగ్గర నేను మొదట గాయకుడని రాశాను. "వేలం పాటండీ డాక్టరమ్మగారూ! నా గొంతుకి రాగం కూడానా?" అని నవ్వబోయి దవడ పట్టుకున్నారు.

కింది జ్ఞానదంతం అడ్డంగా మొలిచింది. మంగళవారం ఏలూరులో మా క్లినిక్‌లో తీసేశాను. ఆయన బెంగ నొప్పి గురించి కాదు. సోమవారం పాటకి నోరు తెరుచుకోవాలి. లేకపోతే కమీషన్ కొట్టు హనుమంతరావుగారు వేరే మనిషిని నిలబెడతారు.

పన్ను తీసినవాళ్లని మొదటి వారం రోజూ అడుగుతాం, సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంత అని. బుధ, గురువారాలు ఫోన్ చేశాను. రెండుసార్లూ "రెండండీ" అన్నారు. రెండే కదా అని మామూలు మాత్రే కొనసాగించాను.

శుక్రవారం వచ్చారు. చెంప బూరెలా పొంగింది. నోరు తెరిపించి పళ్ల మధ్య స్కేలు పెడితే పదిహేడు మిల్లీమీటర్లు. పన్ను తీయకముందు నలభై రెండు. ఇంకా మాటలు రాని మా పాపకి చెవి నొప్పొస్తే ముఖం చూసే పోల్చుకుంటాను. ఈయన ముఖం నాకు ఫోన్‌లో కనపడలేదు.

"నిజం చెప్పండి, నొప్పి రెండేనా?"

"ఎనిమిదండీ."

"మరి రెండని ఎందుకు చెప్పారండీ?"

"ఉన్న ధర ముందే చెప్పేస్తే ఇంక పాటేముందండీ? మీరు పెంచుతారని చూశాను. మీరేమో అక్కడే కొట్టేశారు."

పాట తేల్చేయడాన్ని వాళ్లు కొట్టేయడం అంటారు.

మాత్రలు మార్చాను. తర్వాత దవడ పనితీరు గురించిన ప్రశ్నలు. నమలడం? గంజి తాగుతున్నారు. ఆవలింత? సగంలో ఆగిపోతోంది.

"ఇంట్లో మాట్లాడటానికి ఇబ్బందిగా ఉందా?"

"ఇంట్లో మాట్లాడనండీ."

పెళ్లి చేసుకోలేదట. అమ్మ పోయాక ఒక్కరే ఉంటున్నారు. పాట అయ్యాక మూసిన నోరు మర్నాడు పాటకే తెరుస్తారు. "ఈ వారంలో ఇంట్లో నేనన్న మాట మీతో 'రెండండీ' అన్నదేనండీ," అన్నారు, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

ఆ గడిలో ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలేశాను.

ఉప్పునీళ్లు పుక్కిలించి, వేళ్ల ఊతంతో నోరు కొంచెం కొంచెంగా తెరవమన్నాను. సోమవారానికి ఇరవై రెండు మిల్లీమీటర్లే తెరుచుకుంది. మార్కెట్టులో మరొకాయన నిలబడ్డాడు.

గురువారం మధ్యాహ్నం తోమాగారే ఫోన్ చేశారు. అప్పటిదాకా ఎప్పుడూ నేను చేయడమే.

"పెద్ద చేపల పాట ఇంక ఆ కొత్తాయనదేనటండీ. గేటు పక్కన చిన్న చేపల కుప్పలు నాకిచ్చారు. ఇవాళ పాడాను. గొంతు రెండో వరస దాటలేదు. వినపడక అందరూ దగ్గరికొచ్చి చుట్టూ మూగారండీ. ఒకాయనైతే నా భుజం మీద చెయ్యి వేసి మరీ విన్నాడు."

"ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారండీ?"

"ఇంటి నుంచేనండీ."

అది నొప్పి ఎంతని అడిగే రోజూ కాదు, నోరు కొలిచే రోజూ కాదు. ఆయనకీ తెలుసు. అయినా ఫోన్ పెట్టలేదు. ఏమేం చేపలొచ్చాయండీ అని అడిగాను. మెల్లగా, ఒక్కో కుప్పా చెప్పడం మొదలుపెట్టారు.