వేడి చొక్కా మీద బ్యాడ్జి

గెనొవేఫా సిదోర్కో ఇరవై రెండేళ్లు సువాల్కీ పట్టణంలో చలికోట్ల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక, ఊరి దగ్గరి హాంచా సరస్సు లోతుల్లోకి దిగే డైవర్లకు వేడి చొక్కాలు కుట్టడం తనంతట తానే నేర్చుకుంది. నీళ్లు చొరని సూటు లోపల తొడుక్కునే చేతుల్లేని చొక్కా అది. రెండు పొరల మధ్య సన్నటి తీగ మెలికలు తిరిగి ఉంటుంది, నడుముకు కట్టిన బ్యాటరీతో వేడెక్కుతుంది. హాంచా అడుగున నిండు వేసవిలోనూ ఎముకలు కొరికే చలి. అందుకే ప్రతి చొక్కానూ గంటసేపు తానే తొడుక్కుని, అంగుళం అంగుళం తడిమి చూశాకే ఇచ్చేది.

అలాంటి మనిషి కుట్టిన చొక్కా రాడెక్ వీపు కాల్చిందట!

రాడెక్ డైవింగ్ క్లబ్బు శిక్షకుడు. ఆ మాట ఆమెకు తప్ప ఊరందరికీ చెప్పాడు. ఫైర్ స్టేషన్ డైవర్ల కెప్టెన్ హ్రినేవిచ్ ఫోన్ చేసి, తమ డైవర్లకు ఆమె కుట్టిన ఆరు చొక్కాలూ వెనక్కి పంపేస్తానన్నాడు.

"కాలిన చొక్కా నువ్వు కళ్లారా చూశావా కెప్టెన్?"

"లేదండీ. రాడెక్ చెప్పాడు కదా."

"చెప్పాడా! ఆదివారం ఇద్దరూ సరస్సు దగ్గరకు రండి. అతన్ని చొక్కా తెమ్మను. నోరొక్కటే తెస్తే సరిపోదు."

ఆదివారం ఒడ్డున రాడెక్ శిష్యులను చుట్టూ నిలబెట్టుకుని ఆ కథే చెబుతున్నాడు. "ముప్ఫై మీటర్ల లోతున వీపు మీద నిప్పు పెట్టినట్టయింది! సొంతంగా నేర్చిన పని అంతే మరి. సర్టిఫికెట్ ఏదైనా ఉందా పెద్దమ్మా?"

"నీకుందిగా, చాల్లే. చొక్కా ఇటివ్వు."

గెనొవేఫా దాన్ని పక్కనున్న వ్యాను బానెట్ మీద పరిచి వెనక్కి తిప్పింది. వీపు నడిమధ్య సాసరంత గుడ్డ బ్యాడ్జి. చుట్టూ మిషన్ కుట్టు.

"ఇదేమిటి?"

"క్లబ్బు ఆనవాయితీ. వందో డైవ్ ఏ బట్టతో చేస్తే ఆ బట్టకే కుట్టుకోవాలి."

"పైన సూటుంటుంది కదయ్యా! ఎవరికి చూపిద్దామని? చేపలకా?"

శిష్యులు కిసుక్కున నవ్వారు. గెనొవేఫా సంచిలోకి చెయ్యి పోనిచ్చింది. చిన్న కత్తెర తీసి బ్యాడ్జి కుట్లూ, చొక్కా అంచు కుట్లూ ఒక్కొక్కటే విప్పింది. లోపలి పొర ఎత్తి కెప్టెన్‌ను దగ్గరకు పిలిచింది.

"చూడు. ఈ తీగలో ఏడు పోగులు. సూది అయిదింటిని తెంపింది. కరెంటంతా మిగిలిన రెండింటి మీద పడింది. కాలిన మచ్చ ఎక్కడుంది? సరిగ్గా బ్యాడ్జి అంచున."

"తీగ అక్కడుందని ఎవరైనా చెప్పాలిగా," అని గొణిగాడు రాడెక్.

ఆమె మెడ దగ్గరి పట్టీ తిప్పి చూపింది. 'సూది గుచ్చకూడదు' అని ఎర్ర దారంతో కుట్టి ఉంది. "ఇది చదవడానికీ సర్టిఫికెట్ కావాలా?"

హ్రినేవిచ్ ఆ ఆరింట్లో తన చొక్కా తొడుక్కుని, పైన సూటు వేసుకుని నీళ్లలోకి దిగాడు. నలభై నిమిషాలకు పైకొచ్చాడు. "వీపు వెచ్చగానే ఉంది. చొక్కాలు ఆరూ మావే," అన్నాడు.

రాడెక్ మెల్లగా అడిగాడు. "నాది బాగుచేస్తారా?"

"చేస్తాను. నువ్వు చలికి చస్తే నాకేం ఒరుగుతుంది? ముందు వెళ్లి బ్యాడ్జి కుట్టిందెవరో నీ శిష్యులకు చెప్పు. ఊరంతా చెప్పినంత గట్టిగా."

అతను శిష్యుల వైపు నడిచాడు. గెనొవేఫా సూది చేతిలోకి తీసుకుంది కానీ, "బ్యాడ్జి నేనే కుట్టాను" అని అతనన్న మాట చెవిన పడేదాకా దారం ఎక్కించలేదు.