కృపాదానం మాస్టారి స్పూల్ టేపులు

మెదక్‌లో చర్చి పాటల బృందానికి కృపాదానం మాస్టారి చెవి అంటే హడల్. అన్ని గొంతుల మధ్య ఏ పిల్ల స్వరం పిసరంత జారినా పేరు పెట్టి మరీ నిలబెట్టేవాడు. బడి పంతులు ఉద్యోగం విరమించాక ఆయనకు మిగిలిన గౌరవమంతా ఆ చెవిదే.

ఇక ఆయన పిచ్చి అంటారా, స్పూల్ టేపులు. పళ్లెమంత చక్రాలకు చుట్టి, ఒకప్పుడు కంపెనీలే అమ్మిన సంగీతం. ఇప్పుడవి ఇంటర్నెట్ వేలంలో తప్ప దొరకవు. గడువు దగ్గరపడితే చాలు, భార్య ఎలిశిబా అన్నానికి పిలిచినా పలక్కుండా, ఫోన్ పట్టుకుని వేలం పాట పెంచుతూ కూర్చునేవాడు.

ఈ మధ్య వచ్చిన ప్రతి టేపుతోనూ పేచీయే. వయొలిన్ పైకెక్కేసరికి చచ్చిపోతోందని ఒకటి తిప్పి పంపాడు. ఇంకొకటి అమ్మినాయన్ని మోసగాడంటూ అందరూ చదివేచోట రాసిపెట్టాడు. ఆ చిరాకుతోనే రిహార్సల్‌కు పోయి, హవేలిఘనపూర్ నుంచి బస్సెక్కి వచ్చే ఆడపిల్లల మీద విరుచుకుపడ్డాడు.

"నోట్లె బియ్యం పోసుకున్నరా? జర నోరు తెరిచి పాడుండ్రి!"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. లోపలెక్కడో భయం వేసింది. ఆ భయాన్ని కూడా టేపుల మీదికే నెట్టేశాడు.

మొన్న పుణె నుంచి మరొకటి వచ్చింది. తన తండ్రి దాచుకున్న టేపనీ, మొత్తం విన్నాకే అమ్ముతున్నాననీ అమ్మినాయన రాశాడు. కృపాదానం దాన్ని మెషీన్ మీదికి ఎక్కించి, సన్న స్వరాలు పెంచే గుండీని చివరిదాకా తిప్పాడు. వయొలిన్ ఎక్కుతూ ఎక్కుతూ మాయమైంది.

"వీడు గూడ దొంగనే!" అంటూ ఫోన్ అందుకున్నాడు.

ఎలిశిబా చెవులు మూసుకుని వంటింట్లోంచి వచ్చింది.

"ఏందిది? జర తగ్గించుండ్రి. ఆ కీచుకు చెవులు పలుగుతున్నయి."

ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నీకు ఇనవడుతుందా?"

"ఇనవడకేమైతది?"

ఆయన టేపును వెనక్కి తిప్పాడు. "కూసో. స్వరం ఎక్కినంత చెయ్యి లేపు."

పెళ్లికి ముందు ఆమె ఆయన బృందంలోనే పాడేది. స్వరం ఎక్కితే అరచెయ్యి ఎత్తడం, దిగితే దించడం ఆయన నేర్పిందే. వయొలిన్ మొదలైంది. ఆమె చెయ్యి ఒళ్లోంచి లేచి గుండె దాకా వచ్చింది, గడ్డం దాకా వచ్చింది. ఆయనకు అక్కడితో వినపడడం ఆగిపోయింది. ఆమె చెయ్యి మాత్రం తల దాటి ఇంకా పైకి పోతూనే ఉంది.

ఆయన మెషీన్ ఆపేశాడు. ఆడలేక మద్దెల ఓడని ఇన్నాళ్లూ ఊరూరా తిట్టిపోసింది తానే. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అన్ని టేపులు మంచియేనా?"

"మంచియే. మీ చెవి సంగతి చెప్తే తట్టుకోరని ఊకున్న."

ఫోన్‌లో ఆ మోసగాడన్న మాట తీసేసి, తప్పు తనదేనని రాశాడు. ముక్కూమొహం తెలియనివాడికి రాయడం ఏమంత కష్టం?

"శనివారం రిహార్సల్‌ల ఆ పిల్లలకు ఏం చెప్పాలె?"

ఎలిశిబా ఆయన పక్కనే కూర్చుంది.

"వాళ్లు నోరు తెరిచే పాడిన్రు. గదే చెప్పుండ్రి."